ఎండ వాలు, నీడ వాలు: కొలరాడో కొండల్లో ఎల్క్, జింకల వేట గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

కొలరాడో రాష్ట్రంలో రెండున్నర లక్షలకు పైగా ఎల్క్‌లు (పెద్ద జాతి జింకలు) ఉన్నాయి. అమెరికాలో మరే రాష్ట్రంలోనూ ఇన్ని లేవు. అయినా మొదటిసారి ట్యాగ్ (వేట అనుమతి పత్రం) కొనుక్కుని కొండలెక్కిన వాళ్లలో చాలామంది ఐదారు రోజులు తిరిగి, ఒక్క జంతువును కూడా చూడకుండా ఇంటికి వస్తారు. నేనూ అలాగే వచ్చాను. ఆ తరువాతి ఏళ్లలో నాకు అర్థమైనదేమిటంటే, ఈ కొండల్లో జంతువు ఎక్కడ ఉందన్న ప్రశ్నకు సగం జవాబు సూర్యుడి దగ్గరే ఉంటుంది. డెన్వర్ చుట్టుపక్కల ఉంటూ కొత్తగా వేట నేర్చుకుంటున్న తెలుగువాళ్లు నన్ను తరచుగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ వివరంగా జవాబులు రాస్తున్నాను.

వాలు దిక్కు అంటే ఏమిటి? ఉత్తరపు వాలు అన్నప్పుడు కొండకు ఏ పక్క అని అర్థం చేసుకోవాలి?

తూర్పు ముఖం ఇల్లు, దక్షిణం ముఖం ఇల్లు అని మనం ఎలా అంటామో, వాలు విషయంలోనూ అంతే. మీరు కొండ వాలు మీద నిలబడి, వీపు పైకి, ముఖం పల్లానికి పెట్టినప్పుడు ఎటు చూస్తున్నారో అదే ఆ వాలు దిక్కు. ముఖం ఉత్తరానికి ఉంటే అది ఉత్తరపు వాలు. ఇందులో కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది లోయల దగ్గర. వాగు పడమర నుంచి తూర్పుకు పారుతున్నదనుకోండి. ఆ వాగుకు ఉత్తరపు ఒడ్డున లేచిన కొండ దక్షిణం వైపు చూస్తుంది, కనుక అది దక్షిణపు వాలు అవుతుంది. వేట భాగస్వామితో ఫోన్‌లోనో రేడియోలోనో మాట్లాడేటప్పుడు ఈ ఒక్క మాట దగ్గర పొరపాటు పడితే ఇద్దరూ ఎదురెదురు కొండల మీద తేలతారు. నేను ఈ గొడవ లేకుండా దక్షిణపు వాలును ఎండ వాలు అని, ఉత్తరపు వాలును నీడ వాలు అని పిలుస్తాను.

ఒకే కొండకు రెండు వైపుల ఎండలో అంత తేడా ఉంటుందా?

ఉంటుంది, అది లెక్క కట్టి చూపించగలిగినంత కచ్చితమైన తేడా. డెన్వర్ దాదాపు 40 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. సెప్టెంబరు 22, 23 తేదీల ప్రాంతంలో అక్కడ మిట్టమధ్యాహ్నం సూర్యుడు క్షితిజం నుంచి 50 డిగ్రీల ఎత్తున దక్షిణం వైపు ఉంటాడు. 30 డిగ్రీలు వాలిన దక్షిణపు వాలు మీద ఆ కిరణాలు 80 డిగ్రీల కోణంలో, అంటే దాదాపు నిట్టనిలువుగా పడతాయి. అంతే వాలు ఉన్న ఉత్తరపు వైపున 20 డిగ్రీల కోణంలో జారుతూ పడతాయి. అంటే చదరపు గజానికి అందే నేరుటెండ అవతలి వైపు అందేదానిలో మూడో వంతుకు కొంచెం పైన మాత్రమే. అక్టోబరు నడుమకు అది ఐదో వంతుకు పడిపోతుంది. నవంబరు నడుమకు ఆ నీడ వాలుకు మధ్యాహ్నం పన్నెండింటికి కూడా ఎండ తగిలీ తగలనట్టు ఉంటుంది. డిసెంబరు 21న సూర్యుడు 27 డిగ్రీల ఎత్తు మించి లేవడు కాబట్టి, 30 డిగ్రీల ఉత్తరపు వాలుకు ఆ మధ్యాహ్నం నేరుటెండ అసలే ఉండదు. వేట కాలమంతా సెప్టెంబరు నుంచి చలికాలం లోపల జరుగుతుంది కాబట్టి, వారం వారం ఈ తేడా పెరుగుతూ పోయే కాలంలోనే మనం కొండ మీద ఉంటాం.

మన వైపు కొండల్లో ఈ సంగతి ఎప్పుడూ వినలేదే?

దానికి కారణం అక్షాంశమే. నల్లమల దాదాపు 16 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది. నడి శీతాకాలంలో కూడా అక్కడ మధ్యాహ్న సూర్యుడు 50 డిగ్రీల ఎత్తుకు లేస్తాడు. అంటే కొలరాడోలో సెప్టెంబరు చివర ఉన్నంత ఎత్తు. జూన్‌లోనైతే సూర్యుడు నడినెత్తిని దాటి కాస్త ఉత్తరానికి వెళతాడు, అప్పుడు ఉత్తరపు వాలుకే ఎండ ఎక్కువ. ఏడాది మొత్తం మీద రెండు వైపులా తేడా అంతగా పేరుకోదు. అందుకే ఆ అడవుల్లో పెరిగిన వాళ్లకు కూడా నీళ్లు ఎక్కడ, నీడ ఎక్కడ అన్న ఆలోచన వస్తుంది కానీ వాలు ఎటు చూస్తున్నదన్న ఆలోచన రాదు. అక్కడి కణుజులు, దుప్పులు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నాయి, వేట నేరం. ఇక్కడ రాసినదంతా అనుమతితో, కోటా ప్రకారం వేట జరిగే కొలరాడో గురించి మాత్రమేనని గమనించాలి.

దిక్సూచి లేకుండా, దూరం నుంచి చూసి ఏ వాలో చెప్పగలమా?

చెట్లు చెబుతాయి. మధ్య ఎత్తుల్లో దక్షిణపు వాలు పలచగా, పసుపు రంగులో కనిపిస్తుంది. ఎడమెడంగా నిలబడ్డ పాండరోసా పైన్ చెట్లు, వాటి నడుమ గడ్డి, సేజ్‌బ్రష్, మౌంటెన్ మహాగనీ, బిట్టర్‌బ్రష్ పొదలు ఉంటాయి. రాష్ట్రంలో పడమర, దక్షిణ భాగాలకు వెళితే గ్యాంబెల్ ఓక్ పొదలు కూడా వస్తాయి. ఎండలో కాగిన పాండరోసా బెరడు పగుళ్ల దగ్గర ముక్కు పెడితే వెనిలా వాసన వస్తుంది. నా పిల్లలకు ఆ చెట్టు పేరు గుర్తుండేది ఆ వాసన వల్లనే. నీడ వాలు మీద డగ్లస్ ఫర్, ఇంకా పైకి వెళితే ఎంగెల్మన్ స్ప్రూస్, సబ్ఆల్పైన్ ఫర్ చెట్లు భుజం భుజం రాసుకుంటూ నల్లగా, దట్టంగా ఉంటాయి. కింద నేల తేమగా, నాచుతో మెత్తగా ఉంటుంది. వాలుకు అడ్డంగా నడిచి కొండ ముక్కు దాటినప్పుడు, పది అడుగుల్లో చెప్పుల కింద చప్పుడు మారిపోతుంది: ఇటు ఎండుటాకుల గరగర, అటు తడినేల నిశ్శబ్దం.

ఎల్క్ ఎప్పుడూ ఉత్తరపు వాలు మీదే ఉంటాయని అందరూ అంటారు. అది నిజమేనా?

సగమే నిజం. నేను మొదటి ఏడాది నష్టపోయింది కూడా ఈ సగం నిజం వల్లనే. రోజంతా నీడ వాలు అడవిలో తిరిగాను, జంతువులు మేతకు బయట ఉన్న గంటల్లో కూడా.

ఎల్క్ శరీరాన్ని ఒకసారి ఆలోచించండి. పెద్ద మగది 300 కిలోల పైన తూగుతుంది. శరదృతువు వచ్చేసరికి దాని ఒంటి మీద చలికాలపు దట్టమైన బొచ్చు దిగి ఉంటుంది, మెడ చుట్టూ నల్లటి జూలు ఉంటుంది. మనకు స్వెటర్ కావాలనిపించే 12 డిగ్రీల చలి దానికి హాయి. ఎండలో 20 డిగ్రీలైతే అది దానికి వేడి. పైగా అది నెమరు వేసే జంతువు. రాత్రి, తెల్లవారుజామున మేసిన గడ్డిని పగలు ఎక్కడో పడుకుని నెమరు వేయాలి. కాబట్టి దానికి రోజూ రెండు చోట్లు కావాలి: మేసే చోటు, పడుకునే చోటు. మేత ఎక్కువగా వెలుతురు పడే చోట దొరుకుతుంది, చల్లటి పడక నీడలో దొరుకుతుంది. ఈ రెంటి నడుమ అది రోజూ నడిచే దారే వేటగాడికి అసలు చోటు.

అందుకే వాలు దిక్కును నేను గడియారంతో కలిపి చదువుతాను. తొలి వెలుగులో మేత మైదానం, దక్షిణపు లేదా తూర్పు వాలు మీది గడ్డి, ఆస్పెన్ తోపుల అంచులు చూడాలి. ఎండ ఎక్కుతున్న కొద్దీ అవి కొండ వెన్ను దాటి నీడ వైపుకు మళ్లుతాయి. మధ్యాహ్నం ఉత్తరపు, ఈశాన్యపు వాలు మీద, నిటారు వాలు నడుమ అరుగులా కాస్త చదునుగా ఉన్న చోట పడుకుంటాయి. మ్యాప్‌లో ఆ అరుగులు చిన్నగా, పనికిరానివిగా కనిపిస్తాయి. ఒక అక్టోబరు మధ్యాహ్నం అలాంటి ఒక అరుగు మీదికి నేను ఆలస్యంగా చేరాను. మంచులో ఏడు పడకలు ఉన్నాయి, ఒక్కొక్కటి మనిషి ముడుచుకుని పడుకునేంత కోడిగుడ్డు ఆకారపు గుంట. మోకాళ్ల మీద కూర్చుని ఒక దానిలో అరచేయి పెట్టాను. అడుగున మంచు కరిగి, ఆకులు తడిసి, ఇంకా గోరువెచ్చగా ఉంది. పశువుల పాకలోకి అడుగుపెట్టినప్పుడు వచ్చే వాసనే అక్కడ నిలిచి ఉంది. ఆ అరుగును తరువాత మూడేళ్లు గమనించాను. వేడి రోజుల్లో పడకలు కచ్చితంగా అక్కడే కనిపించాయి, మబ్బు పట్టి చల్లగా ఉన్న రోజుల్లో ఒక్కటీ లేదు. చలి ఉన్న రోజు అవి ఎండ పడే చోటే పడుకోగలవు, నీడ కోసం కొండ దాటాల్సిన పని లేదు.

సెప్టెంబరులో విల్లుతో వేటాడేవాళ్లు ఎటు చూడాలి?

నీడ వాలు, దానికి ఆనుకున్న తడి చోట్లు. ఆ నెలలో దక్షిణపు వాలు మీది గడ్డి చాలా చోట్ల ఎండి, సారం తగ్గి ఉంటుంది; ఉత్తర, తూర్పు వాలుల మీద, ఆస్పెన్ తోపుల కింద పచ్చని ఆకు ఇంకా మిగిలి ఉంటుంది. కాబట్టి ఎండాకాలపు తోక ఇంకా ఉన్న ఆ రోజుల్లో మేత, నీడ రెండూ ఒకే వైపు దొరకవచ్చు. జోడు కట్టే కాలం కూడా అదే కాబట్టి, మగవి నీడ వాలు మీది ఊట నీటి దగ్గర బురద గుంటల్లో పొర్లుతాయి. గుంటలో నీరు ఇంకా కలకగా ఉంటే, పక్క చెట్ల బెరడు మీద తడి బురద ఉంటే, అది వచ్చి వెళ్లి ఎంతోసేపు కాలేదు.

మంచు పడ్డాక ఏం మారుతుంది?

చాలా మారుతుంది, కొన్నిసార్లు ఒక్క రాత్రిలోనే. మంచు దక్షిణపు వాలు మీద ఒకటి రెండు ఎండలకే కరిగి గడ్డి బయటపడుతుంది, ఉత్తరపు వాలు మీద అలాగే పేరుకుంటూ పోతుంది. గాలి సాధారణంగా పడమర నుంచి వీస్తుంది కాబట్టి, వెన్ను మీది మంచును ఎత్తుకెళ్లి తూర్పు, ఈశాన్య వాలుల మీద మేటలు వేస్తుంది. తుఫాను వెలిసిన మొదటి ఉదయం ఎదురుగా ఉన్న దక్షిణపు, నైరుతి వాలులు బైనాక్యులర్‌తో ఓపికగా గాలించడం కన్నా మంచి పని నాకు తెలియదు. తెల్లటి నేల మీద గోధుమ రంగు ఒళ్లు కిలోమీటరున్నర దూరం నుంచి కనిపిస్తాయి. ఒక చిక్కు మాత్రం ఉంది. పగలు కరిగి రాత్రి గడ్డకట్టిన ఎండ వాలు మీది మంచు గాజు పెంకులా పగులుతుంది, ప్రతి అడుగూ వినిపిస్తుంది. దాని మీదుగా దగ్గరికి పోవాలనుకోవద్దు, కూర్చుని చూడండి. నీడ వాలు మీది పొడి మంచు మాత్రం అడుగును మింగేస్తుంది.

మ్యూల్ డీర్ జింకలకు కూడా ఇదే వర్తిస్తుందా?

కొంతవరకే. కంచర గాడిద చెవుల లాంటి పెద్ద చెవులున్న ఈ జింకలు గడ్డి కన్నా పొదల కొమ్మలు, చిగుళ్లు ఎక్కువగా తింటాయి. వాటికి ఇష్టమైన మౌంటెన్ మహాగనీ, బిట్టర్‌బ్రష్ ఎండ వాలు మీదే పెరుగుతాయి. ఒళ్లు చిన్నది, కాళ్లు ఎల్క్ కాళ్లంత పొడవు కావు, కాబట్టి అడుగున్నర మంచు దాటితే వాటికి నడక కష్టమై, ఎల్క్ కన్నా ముందే కిందికి దిగుతాయి. నవంబరు నడుమ అవి జోడు కట్టే కాలంలో దక్షిణపు, నైరుతి వాలుల మీద సేజ్‌బ్రష్ ఉన్న ఎత్తుల్లో ఆడ జింకల గుంపును కనిపెడితే, మగది ఆ చుట్టుపక్కలే ఉంటుంది. ఎండ వాలు మీద కూడా అవి నీడ వెతుక్కుంటాయి. ఒక్క పైన్ చెట్టు నీడ, ఒక బండ నీడ వాటికి చాలు. మధ్యాహ్నం ఆ నీడ కదిలినప్పుడు పడుకున్న జింక లేచి, ఒళ్లు విరుచుకుని, రెండు అడుగులు వేసి మళ్లీ నీడలోకి పడుకుంటుంది. రోజంతా కనిపించనిది ఆ అర నిమిషంలో కనిపిస్తుంది.

తూర్పు, పడమర వాలుల సంగతి ఏమిటి?

రెంటికీ ఎండ సుమారు సమానమే అయినా వేడి సమానం కాదు. తూర్పు వాలుకు రాత్రి చల్లదనం ఇంకా ఉన్నప్పుడు ఎండ వస్తుంది. పడమర వాలుకు గాలి అప్పటికే కాగి ఉన్న మధ్యాహ్నం వస్తుంది. అందుకే అన్నిటికన్నా వేడిగా ఉండేది నైరుతి వాలు, చల్లగా ఉండేది ఈశాన్యపు వాలు. గడ్డకట్టే ఉదయాల్లో తూర్పు వాలు మీద మొదటి ఎండ పడే చోట జంతువులు ఒళ్లు కాచుకుంటాయి. పడమర వాలు సాయంత్రం చీకటి పడేదాకా వెలుతురులో ఉంటుంది, కాబట్టి చూడటానికి వీలు. కానీ వేడి రోజు అక్కడికి అవి ఆలస్యంగా వస్తాయి.

గాలికీ, వాలు దిక్కుకూ సంబంధం ఉందా?

ఉంది. ఈ పేజీలో ఒక్క జవాబే చదవగలిగితే దీన్నే చదవమంటాను. జంతువు కంటికి మీరు చిక్కినా అది ఊరుకుంటుందేమో కానీ, మీ వాసన తగిలితే ఆ రోజు మీ వేట అయిపోయినట్టే.

వాతావరణం ప్రశాంతంగా ఉన్న రోజున, ఎండ తగిలిన నేలను ఆనుకున్న గాలి వేడెక్కి, తేలికై వాలు వెంట పైకి పాకుతుంది. పొద్దుగూకాక నేల చల్లబడితే అదే గాలి బరువెక్కి, నీళ్లలాగే వాగు దారి పట్టి కిందికి జారుతుంది. కానీ ఇది కొండంతటా ఒకేసారి జరగదు. తూర్పు వాలు మీద పొద్దెక్కిన గంట, గంటన్నరకే గాలి పైకి తిరుగుతుంది. నీడ వాలు మీద అదే సమయానికి గాలి ఇంకా కిందికే జారుతూ ఉంటుంది, కొన్ని రోజుల్లో మధ్యాహ్నం దాకా కూడా. సాయంత్రం ముందు నీడ పడ్డ వాలు మీద గాలి ముందు దిగుతుంది, కాబట్టి తూర్పు వాలు పడమర వాలు కన్నా చాలా ముందే తిరగబడుతుంది. ఈ రెండు గాలులు కలిసే కొండ వెన్ను మీద, అవి దిశ మార్చుకునే గంటలో, సుడి తిరిగి వాసన అన్ని వైపులకూ పోతుంది.

నా పొరపాటు ఒకటి చెబుతాను. ఒక తూర్పు వాలు మీద ఉదయం ఏడింటికి పైన ఆడ ఎల్క్‌ల గుంపును చూశాను. అప్పుడు గాలి కిందికే వస్తున్నది, నా ముఖానికి తగులుతున్నది. కింది నుంచి నెమ్మదిగా ఎక్కుతూ పోయాను. ఎనిమిదిన్నరకు మెడ వెనక వెంట్రుకలు కదిలినట్టు చల్లగా తగిలింది. జేబులోని సీసా నొక్కితే టాల్కం పొడి తెల్లగా లేచి, నా భుజం మీదుగా నేరుగా పైకి, వాటి వైపుకే వెళ్లింది. పది సెకన్లు గడిచాయో లేదో, కుక్క మొరిగినట్టు ఒకే ఒక్క అరుపు వినిపించింది. ఆ తరువాత కొమ్మలు విరిగిన చప్పుడు, ఆపైన ఏమీ లేదు. నేను చేయవలసిందల్లా ఏడింటికే పక్కకు తప్పుకుని, గాలి తిరిగేదాకా ఆగి, ఆపైన చుట్టి వాటి పైకి చేరడం. అప్పటి నుంచి పొద్దెక్కాక జంతువు కన్నా పైన, పొద్దువాలాక దాని కన్నా కింద ఉండేటట్టు చూసుకుంటున్నాను. బలమైన గాలి వీచే రోజున ఈ నియమాలు పనిచేయవు, పొడి సీసా చెప్పిందే వినాలి.

వేటగాళ్లు ఎక్కువగా ఉన్న చోట కూడా ఈ లెక్క పనిచేస్తుందా?

తుపాకీ సీజన్ మొదలై రెండు రోజులు గడిస్తే జంతువుకు నీడ కన్నా భద్రత ముఖ్యమవుతుంది. అదృష్టవశాత్తు ఆ రెండూ తరచుగా ఒకే చోట ఉంటాయి: రోడ్డుకు దూరంగా, నిటారుగా, పడిపోయిన మానులతో నడవడానికి వీలుకాని ఉత్తరపు వాలు. పగటి వెలుతురులో బయటి గడ్డికి అవి రావడం మానేస్తాయి. అప్పుడు ఆ అడవి అంచునే చివరి అరగంట కాపు కాయాలి.

మ్యాప్ మీద దీన్ని ఎలా చదవాలి?

అమెరికా భూగర్భ సర్వే సంస్థ వారి 1:24,000 స్కేలు మ్యాపులో పై భాగం ఉత్తరం. సమోన్నత రేఖలు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) దగ్గరగా ఉంటే వాలు నిటారు. దట్టమైన రేఖల నడుమ ఒక్కసారిగా ఎడం కనిపిస్తే అది నేను చెప్పిన అరుగు. పర్వత ప్రాంతాల్లో రేఖకూ రేఖకూ ఎత్తు తేడా తరచుగా 40 అడుగులు ఉంటుంది కాబట్టి, 30 అడుగుల అరుగులు మ్యాపులో పడవు. వాటిని కాళ్లతోనే కనుక్కోవాలి. ఫోన్ యాప్‌లలో వాలు దిక్కును రంగులతో చూపే పొర ఉంటుంది. ఇంట్లోనే ఉత్తర, ఈశాన్య రంగులను మాత్రం ఉంచి, ఆ పట్టీలకు మేత మైదానం, నీరు దగ్గరగా ఉన్నవి గుర్తు పెట్టుకోండి.

కాల్చాక కూడా వాలు దిక్కు పట్టించుకోవాలా?

తప్పకుండా. సెప్టెంబరు మధ్యాహ్నం ఎండ వాలు మీద పడిన ఎల్క్ మాంసం కొన్ని గంటల్లోనే, తుంటి ఎముక దగ్గర మొదలై, పాడవుతుంది. వెంటనే తోలు తీసి, నాలుగు భాగాలు చేసి, గాలి ఆడే గుడ్డ సంచుల్లో నీడ వాలు మీది కొమ్మలకు వేలాడదీయాలి. తినదగిన మాంసాన్ని వదిలేయడం కొలరాడోలో చట్టవిరుద్ధం. చట్టం లేకపోయినా వదలకూడదు. దాని ప్రాణం తీసినది మనమే.

నిటారు వాలుల మీద ప్రమాదాలేమిటి?

సీజన్ చివర్లో 30 నుంచి 45 డిగ్రీల వాలుల మీద పేరుకున్న మంచు ఒక్కసారిగా విరిగి కిందికి జారే (అవలాంచ్) అవకాశం ఉంటుంది, ముఖ్యంగా గాలి మేటలు వేసిన ఉత్తర, తూర్పు వాలుల మీద. ఎంత మంచి అడుగుజాడ కనిపించినా అలాంటి చెట్లు లేని నీడ వాలును అడ్డంగా దాటవద్దు.

వీసా మీద ఉన్నవాళ్లు వేటకు వెళ్లవచ్చా?

ముందుగా చట్టం చూసుకోండి. హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకీ కలిగి ఉండటాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉన్నవారికి అందులో మినహాయింపు ఉంది. మీ పరిస్థితికి అది వర్తిస్తుందో లేదో న్యాయవాదిని అడిగి తెలుసుకోకుండా తుపాకీ ముట్టుకోవద్దు. 1949 జనవరి 1న గానీ ఆ తరువాత గానీ పుట్టినవారు కొలరాడోలో లైసెన్సు కొనాలంటే వేట శిక్షణ ధ్రువపత్రం చూపాలి. తుపాకీ సీజన్లలో నడుముకు పైన కనీసం 500 చదరపు అంగుళాల మెరిసే నారింజ లేదా గులాబి రంగు, తల మీద అదే రంగు టోపీ తప్పనిసరి.

న్యూజిలాండ్‌లో ఉన్న మా తమ్ముడికి ఇది పనికొస్తుందా?

దిక్కులు తిరగేసుకుంటే పనికొస్తుంది. భూమధ్యరేఖకు దక్షిణాన ఉత్తరపు వాలుదే ఎండ, దక్షిణపు వాలుదే నీడ. అక్కడి ఫియోర్డ్‌ల్యాండ్ కొండల్లో 1905లో అమెరికా నుంచి తెచ్చి వదిలిన ఎల్క్ సంతతి ఇప్పటికీ ఉంది.

అక్టోబరులో నాకు ఒక్క రోజే సెలవు. ఎక్కడ కూర్చోమంటారు?

తూర్పు పడమరలుగా సాగిన కొండ వెన్ను ఒకటి చూసుకోండి, దక్షిణాన గడ్డి, ఉత్తరాన నల్లటి అడవి ఉండాలి. వెన్ను మీద ఎక్కడైనా దిగువగా కుంగిన కనుమ ఉంటే ఎల్క్‌లు ఆ చోటనే కొండ దాటుతాయి. చీకటి ఉండగానే, కనుమకు వంద గజాల పక్కన, గాలి మీ వాసనను దారికి తగలనివ్వని చోట చెట్టుకు వీపు ఆనించి కూర్చోండి. మేసిన గుంపు పొద్దెక్కుతుండగా దక్షిణం నుంచి ఎక్కి వస్తుంది. పదింటికి కూడా రాకపోతే పొడి సీసా ఒకసారి నొక్కి చూసి, ఉత్తరం వైపు అరుగు మీదికి, గంటకు రెండు వందల గజాలకు మించకుండా, దిగడం మొదలుపెట్టండి.